చేతులకు వేరే ధర

మూడు నెలల వెలుతురు, మూడేళ్ల చీకటి.
అదీ ఆమె లెక్క.
కాగితానికి కూడా అలసట ఉంటుందని
ఈ ఉద్యోగంలో చేరాకే తెలిసింది నాకు.

ఇవాళ్టితో వెలుతురు గడువు తీరింది.
గ్రెనోబ్ల్ మీద అక్టోబరు మబ్బు,
కిటికీలో ఉండాల్సిన కొండలు లేవు.
బాస్తియాన్ ఫ్రేము వెనక మేకులు పీకుతున్నాడు
పళ్ల డాక్టరులా, ఊపిరి బిగబట్టి.
నేను చేతులు కడుక్కుని, తుడుచుకుని, మళ్లీ తుడుచుకుని
నిలబడ్డాను.
(తొడుగులు వేసుకోం. పాత కాగితం
వట్టి వేళ్ల మాటే వింటుంది.)

గోడమీది చీటీలో ఉన్నది ఇంతే:
యువతి చిత్తరువు. పెన్సిలు. 1841 ప్రాంతం.
గీసినది వెర్నుయ్ అని ఊహ.
ఆమె ఎవరో తెలియదు.

నడిమి పాపిట. చెవుల మీదికి దువ్వి దించిన జుట్టు,
వెంట్రుక వెంట్రుకకీ పెన్సిలు చెక్కుకున్నాడేమో.
ఎడమ కన్ను రవ్వంత చిన్నది, దాచలేదు.
నిద్ర చాలని రెప్పలు, దాచలేదు.
పై పెదవి నీడ దగ్గర ఎంత మెల్లగా నడిచాడంటే
అక్కడికి వచ్చేసరికి నేనూ గొంతు తగ్గిస్తాను.
చెయ్యి తిరిగినవాడే, ఒప్పుకోవాలి.

మెడ దిగాక తొందర.
గుండీలు ఐదు, నీడ మూడింటికే.
నడుం దగ్గర గీతలు పలచబడి
మోచేతుల దాకా వచ్చి
చేతులెత్తేశాడు.

ఆగస్టులో స్కూలు లేని పిల్లలొచ్చారు ఒక గుంపు.
అందులో ఒకడు, మోకాలికి కట్టు ఉన్నవాడు, అడిగాడు:
"ఆమె చేతులేవీ?"
గైడు మదాం కెన్సాక్ నవ్వి,
ముఖమే ఆత్మ, మిగతాది మౌనం అంది.
పెద్దవాళ్లందరూ తల ఊపారు.
నేనూ ఊపాను.

ఇప్పుడు అట్ట ఊడింది.
వెనక, తుప్పు రంగు సిరాలో, వాలిపోతున్న అక్షరాలు:

*జేలీ పెరుస్సే, తొడుగులు కుట్టేది, సెయింట్ లోరాన్ వీధి.*
*ముఖం పన్నెండు ఫ్రాంకులు.*
*చేతులు ఒక్కోటి నాలుగు.*
*పన్నెండు ముట్టినవి.*

బాస్తియాన్ ముందు నవ్వాడు.
తరవాత మేకుల డబ్బా మూత వెతికాడు చాలాసేపు,
అది అతని మోచేతి పక్కనే ఉంది.

మా అమ్మమ్మ ఇదే ఊళ్లో తొడుగులు కుట్టింది.
మేకపిల్ల తోలు, డజనుకు ఇంత అని కూలి.
జత తప్ప ఒకటి ఎవరూ కొనరనేది.
రాత్రి సూప్ తాగేటప్పుడు కూడా
ఆమె బొటనవేలు ఆనని గుడ్డకి కుట్లు వేస్తూనే ఉండేది.
ఆమె ఫోటో ఒకటుంది నా దగ్గర. పెళ్లిలోది.
చేతులు పూలగుత్తి వెనక.

ఎనిమిది ఫ్రాంకులంటే ఎన్ని డజన్లు, జేలీ?
కుర్చీలో కూర్చునే లెక్క వేశావా,
చేతిలో ఉన్నది పన్నెండేనని
ముందే తెలిసి వచ్చావా?
ఊరి పెద్దమనుషుల వేళ్లన్నిటి కొలతా తెలిసినదానివి
బేరం ఆడకుండా ఊరుకున్నావా?

పక్కనుంచి దీపం వాల్చి చూశాను.
ఒడి దగ్గర కాగితం నూగు లేచి ఉంది.
రొట్టె ముద్దతో రుద్దిన చోటు.
భూతద్దంలో ఒక గీత, ఇంకొకటి,
ఒక బొటనవేలి మొదలు.
గీసేసి, ధర చెప్పి, తుడిచేశాడా?
లేక సూదిపోట్లు కూడా దించుతున్నాడని
నువ్వే తుడిచెయ్యమన్నావా?

రిజిస్టరులో పేరు రాశాను, పూర్తిగా, రెండుసార్లు సరిచూసి.
ధర కూడా రాయాలా అన్నాడు బాస్తియాన్.
రాయి అన్నాను.
గోడ చీటీ మూడేళ్ల తరవాత మారుతుంది,
కట్టు విప్పేసిన ఆ పిల్లాడు అప్పటికి పొడుగవుతాడు,
రాకపోవచ్చు కూడా.

పెట్టె మూసి తాడు బిగించాం.
ఆ తరవాత కాసేపు
నా చేతులు ఎక్కడ పెట్టుకోవాలో
నాకు తోచలేదు.